కాలిన మోటారు విప్పించిన సారు

మా సారు ఎవరి చేతిలోంచీ పని లాక్కోలేదు. పాఠం చెప్పేటప్పుడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకొని, కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకొని నిలబడేవారు. ముందు బల్ల దగ్గర ఎవరైనా తీగ తప్పుగా చుడుతుంటే ఆ పట్టు బిగిసేది. వేళ్ల కణుపులు తెల్లబడేవి. అయినా చేతులు ముందుకు వచ్చేవి కావు. ముందు బల్ల వైపు తిరిగి ఉంటే, వెనక వరుసలో కూర్చున్న నాకు ఆయన వీపు, ఆ వేళ్లే కనబడేవి. వేళ్లు తెల్లబడ్డాయంటే ముందు ఎవరో తప్పు చేస్తున్నారని నాకు తెలిసిపోయేది.

పేరు రాయను. రాస్తే ఆయన ఒప్పుకోరు. నల్లబల్ల మీద కూడా ఏనాడూ తన పేరు రాసుకోలేదు. మొన్న ఎండాకాలంలో పోయారు.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, పోయిన వారం నేను ఒకామె చేతిలోంచి పని లాక్కున్నాను.

పటాన్‌చెరులో కంపెనీల మధ్య ఒక శిక్షణ కేంద్రం ఉంది. పిల్లలకు కాదు, పెద్దవాళ్లకు. పనిలో ఉన్నవాళ్లు, పని పోయినవాళ్లు, షిఫ్టు దిగి వచ్చేవాళ్లు. అక్కడ కాలిపోయిన మోటార్లలోంచి పాత రాగితీగ తీసేసి కొత్తది చుట్టడం నేర్పుతారు. దాన్ని వైండింగ్ అంటారు. సారు అక్కడ చాలా ఏళ్లు నేర్పారు. ఎనిమిదేళ్ల కిందట నేను ఆయన దగ్గర నేర్చుకొని ఇంటి ముందర రేకుల కింద సొంతంగా పని పెట్టుకున్నాను. ఆయనకు జబ్బు చేసినప్పుడు "ఆడవాళ్ల బ్యాచీకి ఆమెను పెట్టండి" అని కేంద్రం వాళ్లకు నా పేరే చెప్పారట. నేను చదివింది మూడో తరగతి. అయినా ఆయన మాట మీద పెట్టారు. ఆరు నెలలైంది.

నా క్లాసులో సుగుణ అని ఒకామె ఉంది. ముప్ఫై ఏళ్లుంటాయి. భానూరులో కిరాయి గదిలో ఉంటుంది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. రోజంతా నిలబడి నిలబడి కాళ్లు వాస్తున్నాయని, కూర్చొని చేసే పని నేర్చుకోవాలని వచ్చింది. మంచి పనిమంతురాలు, కానీ చెయ్యి నెమ్మది. ఆ రోజు మూడోసారి కూడా తీగల మీద తీగలు ఎక్కించి చుట్టింది. నాకు ఒళ్లు మండింది.

"ఇటియ్యి! ఎన్నిసార్లు చెప్పాలె నీకు? రాగితీగ ఏమన్న చెట్లకు కాస్తున్నదా?"

"చెట్లకు కాస్తే మనమందరం ఈడెందుకుంటుంటిమమ్మా, తోటల్నే ఉందుము" అంది వెనకనుంచి ఒకామె.

అందరూ నవ్వారు. సుగుణ చేతులు చున్నీకి తుడుచుకుంది, టిఫిన్ సంచి తీసుకుంది, పోయింది.

తర్వాత రెండు క్లాసులకు రాలేదు. మా దగ్గర ఈ మధ్య పెట్టిన ఒక నియమం ఉంది. వరుసగా మూడు క్లాసులు రాకపోతే పేరు కొట్టేస్తారు, బ్యాచీ అయిపోయేదాకా మళ్లీ చేర్చుకోరు. ఆ మూడో క్లాసు గురువారం. అప్పటికి ఇంకా నాలుగు రోజులుంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పోయిన మనిషిని మళ్లీ ఎట్లా రప్పించాలో నాకు తెలియలేదు. తెలిసిన సారు లేరు. "ఏదన్న అయితే ఇంటికి రా" అన్నారు నాకు క్లాసు అప్పగించిన రోజు. అయింది. ఇప్పుడు ఎవరింటికి పోను?

*

సారు ఒక కంపెనీలో ముప్ఫై ఏళ్లు వైండింగ్ మేస్త్రీగా చేసి దిగినాయన. సన్నటి మనిషి. తెల్ల లాల్చీ, జేబులో చిన్న దువ్వెన. క్లాసులో మగవాళ్లందరినీ "ఉస్తాద్" అని పిలిచేవారు. అంటే గురువు అని. నన్ను "ఉస్తానీ" అన్నారు. మొదటి రోజు నాకు అది ఎగతాళిలా వినిపించింది. తర్వాత తెలిసింది, ఆయన ఇంకో విధంగా ఎవరినీ పిలవలేరని.

ఆ మొదటి రోజు మోటారు గురించి ఒక్క మాట చెప్పలేదు. ఒక్కొక్కరినీ ఒకటే అడిగారు.

"నీ చేతులకు ఏం పనొచ్చు?"

"ఏం రాదు సార్. పార పని" అన్నాడు హత్నూర నుంచి వచ్చినతను.

"పారకు కట్టె ఎవరు బిగిస్తరు?"

"నేనే."

"వదులైతే?"

"చెక్క పేడు ఒకటి సందుల పెట్టి కొడ్త. కదలకుంట కూసుంటది."

"అరె ఉస్తాద్! మోటార్ల తీగలు బయటికి రాకుంట మనం కొట్టేది గదే. వెదురు పేడు. నీకు సగం పని వచ్చినట్టే."

అతను నిటారుగా కూర్చున్నాడు. అంతవరకూ గోడకు ఆనుకొని ఉన్నాడు.

నా వంతు వచ్చింది. "జొన్నరొట్టెలు కొడ్త సారు. కంపెనీ క్యాంటీన్ల పూటకు రెండు వందలు కొట్టేదాన్ని. ఇప్పుడు రొట్టెల మెషిన్ తెచ్చిండ్రు, నన్ను పొమ్మన్నరు."

"అంచు పగులకుంట ఎట్ల కొడ్తవు?"

"చెయ్యి తిప్పుడుల ఉంటది."

"ఎంత తిప్పాలె?"

"అది చెప్పరాదు సారు. చేతికే తెలుస్తది."

ఆయన ఆ మాటను నల్లబల్ల మీద రాశారు. 'చేతికే తెలుస్తది.' నా మాటను ఎవరైనా రాయడం అదే మొదటిసారి. ఆ రోజు సుద్దముక్క అరిగినంతా నా కోసమే అనిపించింది.

"అర్థమైందా?" అని ఆయన అడగరు. ఆ మాట ఆయనకు గిట్టదు. "పెద్దోళ్లను అర్థమైందా అంటే అయిందనే అంటరు. షరం కదా, సిగ్గు" అనేవారు. దానికి బదులు, "ఇప్పుడిది ఇంటికాడ ఎట్ల చెప్తవో చెప్పు" అనేవారు. మనం చెబుతుంటే ఎక్కడ తెలియలేదో మనకే తెలిసిపోతుంది. ప్రశ్న అడిగాక జవాబు కోసం ఎంతసేపైనా ఫ్యాను వైపు చూస్తూ ఉండేవారు. ఆ ఫ్యాను తిరిగేది కాదు. వైండింగ్ నేర్పే చోట ఫ్యాను పాడైపోయి ఉందని మేం నవ్వుకునేవాళ్లం. "మీల ఎవరికి పని ముందొస్తే వాళ్లు బాగుచేయాలె, నేను చెయ్య" అన్నారు. చేయలేదు కూడా. ఆ ఎండాకాలమంతా అందరం చెమటలు కక్కాం.

రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్లు బల్ల మీద తల పెట్టి నిద్రపోయేవారు. లేపేవారు కాదు. "పది నిమిషాలు పండుకోనియ్యి. నిద్రల ఉన్నోనికి చెప్పుడు అంటే గోడకు సున్నం ఏసుడు కాదు, గాలికి సున్నం ఏసుడు." పది నిమిషాలు కాగానే ఆ మనిషి ముందు చాయ్ గ్లాసు పెట్టి, పక్కవాడితో "జరిగిన పాఠం ఈయనకు నువ్వు చెప్పు" అనేవారు. చెప్పినవాడికే ఆ పాఠం ఎక్కువ వచ్చేది.

మోటారు లోపల ఇనుప చట్రంలో గుండ్రంగా గాళ్లు ఉంటాయి, తీగ ఒక గాడిలో పోయి ఇంకో గాడిలోంచి రావాలి. ఏ గాడిలోంచి ఏ గాడికో కాగితం మీద గీస్తే ఎవరికీ తలకెక్కలేదు. ఒకరోజు బల్లలన్నీ పక్కకు నెట్టించి, మమ్మల్ని గుండ్రంగా నిలబెట్టి, బావి చేద తాడు ఒకటి తెచ్చి మా చేతుల మధ్య తిప్పించారు. మేమే మోటారు. బీహారు పిల్లగాడొకడు తాడు తప్పుగా అందిస్తే, ఎదురుగా ఉన్న ఆటో డ్రైవరు, "అరె భయ్, నువ్వట్ల ఇస్తే నేను కాలిపోత!" అని అరిచాడు. అందరం పడీపడీ నవ్వాం. ఇవాళ్టికీ ఏ మోటారు విప్పినా ఆ మనుషులు గుండ్రంగా నిలబడి కనిపిస్తారు.

*

ఇక నా మోటారు సంగతి.

తీగ చుట్టే ముందు ప్రతి గాడిలో మందపు కాగితం పరవాలి. తీగకూ ఇనుముకూ మధ్య అదే అడ్డు. నాకు చిన్నప్పటి నుంచీ ఏదీ పారేయడం చేతకాదు. సబ్బు అరిగి బిళ్లయినా కొత్త సబ్బుకు అతికిస్తాను. అక్కడ అందరూ కాగితం గాడికంటే కొంచెం పొడుగ్గా కత్తిరించి రెండు వైపులా బయటికి వదులుతున్నారు. దండుగ అనుకున్నాను. గాడి ఎంతుందో సరిగ్గా అంతే కత్తిరించాను. మిగిలిన ముక్కలు మడిచి సంచిలో పెట్టుకున్నాను. మూడు గాళ్లకు సరిపోయేంత మిగిలింది. నాకంటే తెలివైనవాళ్లు ఎవరూ లేరనుకున్నాను.

మోటారు తిరిగింది. బాగానే తిరిగింది. కాసేపటికి గుర్రుమంది. తర్వాత వాసన. తర్వాత పొగ. కాగితం లేని అంచు దగ్గర ఇనుము తీగ పైపూతను గీకేసింది. రెండు వారాల పని బొగ్గయింది.

సారు వచ్చి పక్కన నిలబడ్డారు. చేతులు వెనకే ఉన్నాయి.

"విప్పు ఉస్తానీ. అందరు సూస్తరు. ఏడ కాలిందో నువ్వే చూపెట్టు."

క్లాసంతా చుట్టూ మూగింది. నల్లబడిన తీగలు ఒక్కొక్కటే పీకాను. మసి మోచేతుల దాకా వచ్చింది. అంచు దగ్గరికి రాగానే నాకే కనిపించింది. తల ఎత్తాను. ఆయన ముఖం చూడగానే ఇంకో సంగతి కూడా తెలిసింది.

"కాగితం కోసినప్పుడే మీరు సూసిండ్రు గద సారు."

"చూసిన."

"సూసి ఊకున్నరా?"

"చెప్తే కాగితం పొడుగు కోస్తుంటివి. ఎందుకు కోయాలెనో తెలవకపోవు."

నేను పటకారు బల్ల మీద పెట్టి వచ్చేశాను. యాభై ఏళ్లు దాటిన దాన్ని. నా పిల్లల వయసువాళ్ల ముందు నా పిసినారితనం విప్పి చూపించినట్టు అనిపించింది. ఇంక ఆ గడప తొక్కను అనుకున్నాను.

మూడు రోజులు పోలేదు. మూడో రోజు పొద్దున పొయ్యి ముందు కూర్చొని రొట్టెలు చేస్తుంటే, "ఉస్తానీ, ఉన్నవా?" అని గొంతు. గుమ్మంలో సారు. చెప్పులు బయటే విడిచి వచ్చి పీట మీద కూర్చున్నారు. క్లాసు గురించి ఒక్క మాట లేదు. పిండి వైపు చూశారు.

"నాకు నేర్పుతవా?"

నేను ముద్ద ఒకటి ఇచ్చాను. ఆయన తట్టారు. అంచు పగిలింది. మళ్లీ కలిపి తట్టారు. మధ్యలో చిల్లి. మూడోసారి పిండి చేతికే అంటుకుపోయింది. పిండి పాడవుతుంటే నాకు ప్రాణం ఆగదు.

"గట్ల కాదు సారు, ఇటియ్యుండ్రి!" అని ముద్ద లాక్కున్నాను. చకచకా కొట్టి పెనం మీద వేశాను. రొట్టె పూరీలా పొంగింది.

ఆయన పిండి అంటిన చేతులతో అట్లాగే కూర్చున్నారు. మెల్లగా అడిగారు.

"రొట్టె మస్తుగయింది. మరి నాకొచ్చిందా ఉస్తానీ?"

 రొట్టె మాడింది, నేను తిప్పలేదు. ఆయన చేతులు కడుక్కొని, ఆ మాడిన రొట్టె తిని లేచి పోయారు. మరుసటి రోజు నేను క్లాసుకు పోయాను. కాగితం రెండు వైపులా బయటికి వదిలి మోటారు మళ్లీ చుట్టాను. ఎనిమిదేళ్లుగా ఇంటి బియ్యం, ఉప్పు ఆ పనిలోంచే వస్తున్నాయి.

ఇంత నేర్పించుకున్నదాన్ని, పోయిన వారం అదే తప్పు మళ్లీ చేశాను.

*

మంగళవారం సంగారెడ్డి బస్సెక్కాను. సారు భార్యను నేను ఆపా, అంటే అక్కా, అంటాను. సారు పోయినప్పుడు చూసి వచ్చిందే, మళ్లీ పోలేదు. చిన్న ఇల్లు. గోడకు ఆయన లాల్చీ ఇంకా వేలాడుతూనే ఉంది. ఆపా చాయ్ పెట్టింది. చక్కెర ఎక్కువేసింది, అట్లాగే తాగాను. సుగుణ సంగతి చెప్పాను.

"ఎవరన్న క్లాసు విడిచిపెట్టి పోతే సారు ఏం చేసేటోళ్లు ఆపా? ఏదో ఒక ఉపాయం ఉండే ఉంటది. నన్ను రొట్టెతోని తెచ్చిండ్రు."

ఆపా నా వైపు వింతగా చూసింది.

"ఉపాయమా? ఏం ఉపాయం బహెన్! నువ్వు పోయిన మూడు రోజులు ఆయన తిండి తినలే. 'నేను సూసి ఊకోవాల్సింది కాదు. ఊకున్నా అందరి ముంగట విప్పించాల్సింది కాదు. పెద్ద మనిషి ఇజ్జత్ తీసిన' అని ఒకటే పరేషాన్. మీ ఇంటికొచ్చిన నాడు మీ గల్లీ మొగదల చాయ్ హోటల్ కాడ గంట సేపు నిలబడ్డడంట. ఏం మాట్లాడాలెనో తెలవలేదంట. నువ్వు పిండి కలుపుతున్నవు కాబట్టి రొట్టె అడిగిండు. బట్టలు ఉతుకుతుంటే ఏమడుగుతుండెనో!"

మా ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆపా కళ్లు తుడుచుకుంది.

"మరి నాకు ఒక్క మాట చెప్పలేదేంది?"

"ముప్ఫై ఏండ్లు మేస్త్రీగిరి చేసినోనికి మాఫీ చెయ్యమనే మాట నోట్లెకెల్లి వస్తదా? ఇంటికొచ్చి నాతోని అన్నడు. 'రొట్టె తిన్న, మాట మింగిన' అని. ఆ సంగతి ఆఖరి దాకా అంటనే ఉండె."

బస్సులో వస్తూ ఆ మాటే తలచుకున్నాను. ఎనిమిదేళ్లు ఆయన అన్నీ తెలిసి చేశారనుకున్నాను. ఆయన చూపులో, మౌనంలో, రొట్టెలో కూడా పాఠం వెతుక్కున్నాను. ఆయన మాత్రం మా గల్లీ చివర చాయ్ హోటల్ ముందు, లోపలికి రావాలా వద్దా అని గంటసేపు నిలబడి ఉన్నారు. అది తెలిశాక ఆయన మీద గౌరవం తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు. ఆ గంటలో ఒక్కసారి నేను పాలకో కొత్తిమీరకో బయటికి వచ్చి ఉంటే బాగుండేది.

*

బుధవారం భానూరు పోయాను. సుగుణ గది ముందు బిందెలు వరుసగా పెట్టి నీళ్లు పడుతోంది. నన్ను చూసి పైపు వదిలేసింది. నీళ్లు కాళ్ల మీద నుంచి పోతున్నాయి.

"నీళ్లు పోతున్నయి, ముందు పైపు బిందెల పెట్టు" అన్నాను.

పెట్టింది. "నా పేరు కొట్టేసిండ్రా అమ్మా?"

"ఇంక కొట్టలే. రేపు రాకుంటే కొట్టేస్తరు."

"మీరే కొట్టేపిస్తరనుకున్న."

"సుగుణా, తప్పు నాది. నీ చేతులున్న పని నేను గుంజుకున్న. అందరి ముంగట మాటన్న. రేపు అందరి ముంగటే తప్పు నాదని చెప్త."

ఆ నాలుగు మాటలకు నా నోరు ఎండిపోయింది. సారు నోట ఈ మాట ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది.

"వద్దమ్మా, అందరి ముంగట వద్దు. మళ్ల ఆ మాటే గుర్తొచ్చి నవ్వుతరు."

"మరేం చెయ్యాలె? చెప్పు."

సుగుణ బిందె మార్చింది. నిండిన బిందెను నేను గోడ పక్కకు జరిపాను. 

"ఏమనుకోవద్దు. నేను చుట్టేటప్పుడు నా పక్కన నిలబడకుండ్రి. మీరు పక్కకొస్తేనే నాకు చుట్టు తప్పుతది. గా కిటికి కాడ ఉండుండ్రి. అవసరమైతే నేనే పిలుస్త."

"సరే" అన్నాను.

గురువారం వచ్చింది. ఎవరి వైపూ చూడకుండా తన బల్ల దగ్గర కూర్చుంది. నేను మిగతావాళ్ల మధ్య తిరిగాను గానీ ఆమె బల్ల వైపు పోలేదు. కిటికీ దగ్గర నిలబడ్డాను. అక్కడి నుంచి ఆమె తల కనిపిస్తుంది, చేతులు కనిపించవు. తీగ మీద తీగ ఎక్కుతోందో లేదో తెలియదు. గంట గడిచింది. నా జీవితంలో అంత పొడుగు గంట లేదు. ఒకసారి ఆమె ఆగింది. ఒకసారి చుట్టిందంతా విప్పేసింది. ఎంత తీగ పాడైందో అని నా మనసు లెక్క కట్టబోయింది. గట్టిగా ఆపుకున్నాను. మళ్లీ మొదలుపెట్టింది.

క్లాసు అయిపోవడానికి ఇంకా కొంచెం టైముందనగా తల ఎత్తింది.

"అమ్మా, జెర ఇటు రండ్రి. ఇది సూడుండ్రి."

సారు ఉండి ఉంటే, ఆ సాయంత్రమే సంగారెడ్డి పోయి, చెప్పులు విడవకముందే గుమ్మంలోంచే చెప్పేదాన్ని. పిలిచింది సారూ, అని.